రోమ్‌లో ఆరు గంటలు: క్రూజ్ షిప్పు దిగి ప్రైవేట్ టూర్ తీసుకునేవాళ్లకి

మధ్యధరా క్రూజ్ టికెట్ మీద "రోమ్" అని ఉంటుంది కానీ షిప్పు రోమ్‌కి వెళ్లదు. చివిటవెక్కియా అనే రేవు పట్టణంలో ఆగుతుంది. ట్రజన్ చక్రవర్తి రెండో శతాబ్దం మొదట్లో కట్టించిన రేవు అది. అక్కణ్ణుంచి రోమ్ నడిబొడ్డున ఉన్న పాత క్రీడాశాల కొలోసియం దాకా రోడ్డు మీద దాదాపు 80 కిలోమీటర్లు. చార్మినార్ చూద్దామని వచ్చినవాణ్ణి జడ్చర్లలో దింపి, సాయంత్రానికి మళ్లీ జడ్చర్లకే వచ్చి ఎక్కమన్నట్టు. ఈ ఒక్క సంగతి ముందుగా బుర్రకెక్కకపోతే, ఎంత ఖరీదైన వ్యాన్ మాట్లాడుకున్నా రోజు చేతుల్లోంచి జారిపోతుంది.

పిల్లల దగ్గరికి అమెరికాకో యూరప్‌కో వచ్చిన తల్లిదండ్రుల్ని క్రూజ్ ఎక్కించే తెలుగు కుటుంబాలు ఇప్పుడు చాలానే ఉన్నాయి. వాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో తిరిగే ప్రశ్న ఎప్పుడూ ఒకటే: "షిప్పు వాళ్ల టూర్ తీసుకోవాలా, ప్రైవేట్‌గా మాట్లాడుకోవాలా?" జవాబులు కూడా ఎప్పుడూ డబ్బు గురించో సుఖం గురించో ఉంటాయి. నా వాదన వేరు. ప్రైవేట్ టూర్‌లో మీరు కొనుక్కునేది ఏసీ వ్యానూ కాదు, ఎక్కువ చోట్లు చూడటమూ కాదు. ఎక్కడ ఎంతసేపు ఉండాలి, ఏది వదిలెయ్యాలి, ఎప్పుడు వెనక్కి తిరగాలి అని తేల్చే హక్కు మీ చేతికొస్తుంది. ఆ హక్కు వాడుకోనప్పుడు పెట్టిన డబ్బు దండగ. అందుకే "ఒక్క రోజులో రోమ్ మొత్తం" అని పన్నెండు పేర్లు వరసగా రాసిచ్చే ప్యాకేజీ ప్రైవేట్‌దైనా సరే, వద్దనే చెబుతాను.

ముందు గడియారం సంగతి. షిప్పు ఉదయం 7కి ఆగి రాత్రి 7కి కదులుతుందనుకుందాం. చూడ్డానికి పన్నెండు గంటలు. కానీ లెక్క వెనకనుంచి వెయ్యాలి. 7కి కదిలే షిప్పులోకి అందరూ ఎక్కేసి ఉండాల్సిన టైమ్, అంటే ఆల్ అబోర్డ్, సాధారణంగా అరగంట ముందు. కొన్ని షిప్పుల్లో గంట ముందు. 6:30 అనుకుందాం. సొంతంగా వెళ్లినవాళ్లు దానికి గంటన్నర ముందే రేవులో ఉండాలి. ఇందులో బేరం లేదు. అంటే 5. సాయంత్రం రోమ్ చుట్టూ ఉన్న రింగ్ రోడ్డు ఎప్పుడు బిగుసుకుంటుందో చెప్పలేం కాబట్టి తిరుగు ప్రయాణానికి గంటా నలభై అయిదు నిమిషాలు పెట్టుకోవాలి. కాబట్టి 3:15కి రోమ్ వదలాలి. ఉదయం షిప్పు ఆగీ ఆగగానే దిగనివ్వరు. స్థానిక అధికారుల అనుమతి రావాలి. గ్యాంగ్‌వే, అంటే షిప్పు దిగే వంతెన, దాటేసరికి 7:30, వ్యాన్ కదిలేసరికి 7:45, ఊళ్లోకి చేరేసరికి 9:15. చేతిలో మిగిలింది ఆరు గంటలు. భోజనానికి ముప్పావుగంట, ఒక చోటి నుంచి ఇంకో చోటికి కదలడానికి మరో ముప్పావుగంట తీసేస్తే నాలుగున్నర గంటలు. మీ రోమ్ అంతా ఆ నాలుగున్నర గంటలే.

ఇందులో ఒక చిన్న గొయ్యి ఉంది. షిప్పు గడియారం ఒకటి, ఊరి గడియారం ఒకటి కావచ్చు. ఇటలీకీ స్పెయిన్‌కీ తేడా లేదు కానీ గ్రీస్ గంట ముందుంటుంది, టర్కీ వేసవిలో గంట, చలికాలంలో రెండు గంటలు ముందుంటుంది. ఆ వైపు నుంచి వచ్చే షిప్పు గడియారం ఏ రాత్రి మారుస్తారో ముందురోజు కాగితంలో వేస్తారు. ఫోన్ తనంతట తాను ఊరి టైమ్‌కి మారిపోతుంది. దిగే ముందు గ్యాంగ్‌వే దగ్గర బోర్డు మీద రాసిన ఆల్ అబోర్డ్ టైమ్‌ని ఫోటో తీసుకుని, షిప్పు టైమ్ పెట్టిన చేతి వాచీ ఒకటి దగ్గర ఉంచుకోండి.

షిప్పు వాళ్ల టూర్‌కి ఉన్న అసలు బలం ఇక్కడే తెలుస్తుంది. వాళ్ల బస్సు ఆలస్యమైతే షిప్పు ఆగుతుంది. మీ వ్యాన్ ఆలస్యమైతే ఆగదు. తర్వాతి రేవుకి సొంత ఖర్చుతో వెళ్లి ఎక్కాలి. ఈ భయాన్ని కొట్టిపారేసేవాళ్లని నమ్మకండి. అలాగని దాన్ని భూతంలా చూపించి బస్సు టికెట్లు అమ్మేవాళ్లనీ పూర్తిగా నమ్మనక్కర్లేదు. గంటన్నర ముందే రేవుకి చేరాలన్న నియమం పాటించేవాళ్లకి ఈ ప్రమాదం చాలా చిన్నది. ఆ నియమాన్ని "ఇంకో పావుగంట" అంటూ కొరుక్కు తినేవాళ్లకి మాత్రం నిజమైన ప్రమాదం.

బస్సుకున్న బలహీనత కూడా చెప్పాలి. పెద్ద టూరిస్టు బస్సుల్ని రోమ్ నడిబొడ్డులోకి 2019 నుంచి రానివ్వడం లేదు. కాబట్టి బస్సు మిమ్మల్ని దూరంగా దింపుతుంది, అక్కణ్ణుంచి నడక. నలభై మంది గుంపు, జెండా పట్టుకున్న గైడు, ఎవరో ఒకరు బాత్రూమ్‌కి వెళ్లడం, మిగతావాళ్లు నిలబడటం. నడక మామూలు రోడ్డు మీదా కాదు. రోమ్ పాత వీధులు సాంపియెత్రీని అనే నల్లరాళ్లతో పరిచి ఉంటాయి. అరచేతి వెడల్పు ఘనాలు, పైభాగం కాస్త గుండ్రంగా, రాయికీ రాయికీ మధ్య సందు. యాత్రికుల చెప్పులు అరగదీసి అరగదీసి నున్నగా అయిపోయాయి, చినుకు పడితే జారతాయి. మోకాళ్ల నొప్పులున్న అమ్మకి ఆ రాళ్ల మీద రెండు కిలోమీటర్లు అంటే మన సిమెంటు రోడ్డు మీద నాలుగు కిలోమీటర్లతో సమానం. చక్రాల కుర్చీ అయితే ప్రతి సందులోనూ గతుకే.

అనుమతి ఉన్న చిన్న వాహనానికి ఈ ఇబ్బంది చాలావరకు ఉండదు. ఇటలీలో డ్రైవర్‌తో సహా అద్దెకిచ్చే వాహనాలకి ఎన్‌సీసీ అనే ప్రత్యేక లైసెన్సు ఉంటుంది. ఊరి మధ్యలో జెడ్‌టీఎల్ అని నిషేధిత మండలాలున్నాయి, కెమెరాలు నంబరు ప్లేటు చదివి జరిమానా పంపిస్తాయి. అనుమతి తీసుకున్న ఎన్‌సీసీ వాహనం లోపలికి వెళ్లగలదు. మీరే కారు అద్దెకి తీసుకుని నడపాలన్న ఆలోచన ఉంటే ఆ జరిమానాల కోసమైనా మానుకోండి.

డబ్బు లెక్క మనుషుల సంఖ్యని బట్టి పూర్తిగా తిరగబడుతుంది. వ్యాన్‌కి రోజంతా 800 యూరోలు అడిగారనుకుందాం. ఇద్దరైతే తలకి 400, నా దృష్టిలో అది అనవసరం. ఆరుగురైతే 133, అప్పుడు షిప్పు బస్సు టూర్ టికెట్‌కి దగ్గరగానో తక్కువగానో పడుతుంది. ఎనిమిది సీట్ల వ్యాన్‌లో ఎనిమిది మందిని కూర్చోబెట్టొచ్చు కానీ మడిచిన చక్రాల కుర్చీ, పిల్లల బండి పెట్టడానికి చోటుండదు. ఆరుగురికి అది సరైన బండి. ఎనిమిదిమంది దాటితే లైసెన్సు, బండి రెండూ మారతాయి, ధర ఒక్కసారిగా ఎగురుతుంది. అప్పుడు రెండు వ్యాన్‌ల ధర కూడా అడిగి పోల్చుకోండి.

ఇద్దరో ముగ్గురో ఉండి, కాళ్లు గట్టిగా ఉంటే ఎక్కువమంది ఆలోచించని మధ్యేమార్గం ఒకటుంది. షిప్పు వాళ్లే చాలాసార్లు రోమ్‌కి రానూ పోనూ బస్సు మాత్రమే అమ్ముతారు. గైడు ఉండడు, ఊళ్లో దింపి సాయంత్రం ఎక్కించుకుంటారు. అది షిప్పు బస్సే కాబట్టి షిప్పు ఆగుతుందన్న భరోసా ఉంటుంది, కొనే ముందు కౌంటర్‌లో అడిగి తేల్చుకోండి. ఆ టికెట్ కొని, రోమ్‌లో మూడు గంటలకి సొంత గైడుని విడిగా మాట్లాడుకోండి. ప్రైవేట్ టూర్‌లో అసలు విలువైనది మనిషి, బండి కాదు. బండికయ్యే ఖర్చు మిగుల్చుకుని మనిషికి పెట్టడం ఇది.

రైలు ఇంకా చవక. రేవు లోపలి షటిల్ బస్సులో, అవి ఆగే లార్గో దెల్లా పాచె అనే చోటు దాకా, అక్కణ్ణుంచి ఇంకో బస్సులో స్టేషన్‌కి, అక్కడ రీజినల్ రైలు. టికెట్ సుమారు 5 యూరోలు. రోమ్ సాన్ పియెత్రో స్టేషన్‌కి గంట లోపే. కాగితం టికెట్ అయితే ఎక్కే ముందు ప్లాట్‌ఫాం దగ్గర యంత్రంలో ముద్ర వేయించాలి, లేకపోతే జరిమానా. ఒక హెచ్చరిక: ఇటలీలో రైల్వే సమ్మెలు తరచుగా జరుగుతాయి, ముందే ప్రకటిస్తారు కూడా. పనిదినాల్లో ఉదయం 6 నుంచి 9, సాయంత్రం 6 నుంచి 9 మధ్య కనీస రైళ్లు నడుపుతారు. ఆ వేళలు చూడండి: పొద్దున వెళ్లడానికి రైలు దొరుకుతుంది, మధ్యాహ్నం తిరిగి రావడానికి దొరకదు. షిప్పు ప్రయాణికుడికి ఇంతకంటే చెడ్డ అమరిక ఉండదు. మీ తేదీకి సమ్మె ఉందేమో వారం ముందు ఒకసారి, ముందురోజు ఒకసారి చూసుకోండి.

ఇక ప్రైవేట్ టూర్ ఖాయం అనుకున్నాక అడగాల్సినవి. మొదటిది, వచ్చేది డ్రైవరా, గైడా, ఇద్దరూనా. ఎక్కువ నిరాశ ఇక్కడే పుడుతుంది. ఇంగ్లీషు మాట్లాడే డ్రైవర్ బండిలో నాలుగు ముక్కలు చెబుతాడు కానీ కొలోసియం లోపలికి వచ్చి వివరించకూడదు. దానికి లైసెన్సున్న గైడు వేరే ఉండాలి, మెడలో కార్డు ఉంటుంది. ధర తక్కువగా కనిపించిన చోట చాలాసార్లు గైడు లేడని అర్థం. రోజంతా గైడు అవసరం లేదు. శిథిలాల దగ్గర రెండు మూడు గంటలు ఉంటే చాలు. ట్రెవి ఫౌంటెన్ ముందు గైడు చేసేదేమీ లేదు.

రెండోది, షిప్పు ఆ రేవులో ఆగకపోతే డబ్బు సంగతి. గాలి బలంగా ఉంటే కెప్టెన్ రేవు వదిలేసి వెళ్లిపోవచ్చు. "షిప్పు ఆగకపోతే పూర్తి వాపసు" అన్న మాట ఈమెయిల్లో రాసి ఉండాలి. ఫోన్‌లో చెప్పింది లెక్కలోకి రాదు. ముందే కొన్న కొలోసియం, వాటికన్ టికెట్ల డబ్బు మాత్రం సాధారణంగా తిరిగి రాదు, అది వేరుగా చూసుకోవాలి. మూడోది, ఎక్కించుకునే చోటు. షిప్పు పక్కకే పేరు బోర్డు పట్టుకుని వస్తారా, లేక షటిల్ ఎక్కి లార్గో దెల్లా పాచెకి రమ్మంటారా? రెండోదైతే ఉదయం ఇరవై నిమిషాలు, సాయంత్రం ఇరవై నిమిషాలు మీ లెక్కలో కలపండి. నాలుగోది, పిల్లలుంటే సీట్లు. ఇటలీలో మామూలు కార్లలో ఒకటిన్నర మీటర్ల ఎత్తు లోపు పిల్లలకి ప్రత్యేక సీటు తప్పనిసరి; డ్రైవర్‌తో అద్దెకిచ్చే బండి వెనక సీట్లలో మినహాయింపు ఉన్నా సీటు అడగడమే మంచిది. ఎత్తూ బరువూ ముందే రాసి పంపకపోతే ఉదయం సీటు కోసం వెతుకులాట మొదలవుతుంది.

షిప్పు పేరు, ఆల్ అబోర్డ్ టైమ్, వెనక్కి తిరగాల్సిన టైమ్ బుకింగ్ మెసేజ్‌లోనే రాయండి. ఉదయం డ్రైవర్‌తో అదే మళ్లీ అనండి. చివిటవెక్కియా డ్రైవర్లకి ఇది రోజూ చేసే పని, వాళ్లకి రోడ్డు తెలుసు. 3:15కి బయల్దేరదామని వాళ్లంటే ఇంకో షాపు చూస్తామని పట్టుపట్టొద్దు.

అసలు ప్రశ్నకి వద్దాం: నాలుగున్నర గంటల్లో ఏం చూడాలి? కొలోసియం లోపలికైనా వెళ్లండి, వాటికన్ మ్యూజియంలకైనా వెళ్లండి. రెండిటికీ వద్దు. మ్యూజియంల దారులు అన్నీ కలిపితే ఏడు కిలోమీటర్ల పొడవు. ఎంత వేగంగా నడిచినా, మైకెలాంజెలో పైకప్పు మీద బొమ్మలు గీసిన సిస్టీన్ చాపెల్ అనే ప్రార్థన మందిరం దాకా వెళ్లి రావడానికి రెండున్నర గంటలు. ఆ చాపెల్‌లో ఫోటోలు తియ్యకూడదు, మాట్లాడకూడదు. తల వెనక్కి వంచి చూడాలి, అందుకు కాస్త తీరిక కావాలి. మ్యూజియం గుమ్మం నుంచి గోడ చుట్టూ తిరిగి సెయింట్ పీటర్స్ చర్చి ముందున్న చౌక్‌కి రావడానికే పావుగంటకి పైగా నడక. పోనీ కొలోసియం అంటే తనిఖీ, లోపల తిరగడం కలిపి గంటన్నర. ఇవి రెండూ కలిపితే నాలుగు గంటలు, మిగిలిన అరగంటలో ఊరు. ఊరు చూడకుండా ఊళ్లో రెండు క్యూలు చూసి వచ్చినట్టు.

మొదటిసారి వచ్చినవాళ్లకి, పెద్దవాళ్లతో ఉన్నవాళ్లకి నేను కొలోసియమే చెబుతాను. టికెట్ మనిషి పేరు మీద ఉంటుంది, 30 రోజుల ముందు అమ్మకానికి పెడతారు, మామూలు టికెట్ 18 యూరోలు. 18 ఏళ్ల లోపు పిల్లలకి ఉచితం కానీ వాళ్లకీ టైమ్‌తో సహా టికెట్ తీసుకోవాలి. పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే రాయండి. ఇంటిపేరు ముందా వెనకా అన్న మన గందరగోళం అక్కడ గుమ్మం దగ్గర తేలకూడదు. 10 గంటల స్లాట్ మంచిది. 9:30 స్లాట్ తీసుకుంటే ట్రాఫిక్ దయ మీద ఉంటారు. లిఫ్ట్ ఉంది, అడగండి. అదే టికెట్‌తో పక్కనున్న ఫోరమ్‌లోకీ, అంటే పాత రోమ్ గుళ్ల శిథిలాల్లోకీ వెళ్లొచ్చు కానీ నేను వెళ్లమనను: ఎండ, ఎగుడుదిగుడు, గంట పైగా. దానికి బదులు కాంపిడోలియో కొండ మీద ఉన్న నగరపాలక భవనం వెనక పక్కకి వెళ్లి పిట్టగోడ దగ్గర నిలబడండి. ఫోరమ్ మొత్తం కాళ్ల కింద పరుచుకుని కనిపిస్తుంది. టికెట్ లేదు, క్యూ లేదు. గైడు అసలు పనికొచ్చేది ఇక్కడే, ఏ స్తంభం ఏ గుడిదో వేలు పెట్టి చూపించగలడు.

ఆ తర్వాత పాంథియన్. 2023 జులైలో 5 యూరోల టికెట్ పెట్టారు. హేడ్రియన్ చక్రవర్తి కాలంలో కట్టిన గుడి. గుమ్మటం అడ్డుకొలతా, నేల నుంచి పైకప్పు దాకా ఎత్తూ రెండూ ఒకటే, 43.3 మీటర్లు. నడినెత్తిన తెరిచి ఉన్న దాదాపు తొమ్మిది మీటర్ల కన్ను. వాన లోపలే పడుతుంది. కింద పాలరాతి నేల కనీకనిపించకుండా వాలుగా ఉంటుంది, నీళ్లు పోవడానికి నేలలో ఇరవై రెండు రంధ్రాలున్నాయి. పిల్లల్ని అవి లెక్కపెట్టమనండి. ఎండ కాస్తున్న రోజైతే గోడ మీద పడిన వెలుగు అంచుని ఏదో ఒక గీత దగ్గర గుర్తుపెట్టుకుని పది నిమిషాలు ఆగండి. అది జరిగి ఉంటుంది. బస్సు గుంపుకి ఆ పది నిమిషాలు ఉండవు. మీకు ఉంటాయి, మీరు కొనుక్కున్నది వాటినే.

అక్కణ్ణుంచి నవోనా చౌక్, ట్రెవి నడిచి చూడగలిగినంత దగ్గరే. ట్రెవి దగ్గర పావుగంట చాలు. స్పానిష్ మెట్ల మీద కూర్చుంటే 2019 నుంచి జరిమానా వేస్తున్నారు, పెద్దవాళ్లు అలిసిపోయి కూలబడకుండా చూసుకోండి. సెయింట్ పీటర్స్ లోపలికి వెళ్లడం ఉచితమే కానీ తనిఖీ క్యూ అరగంట నుంచి గంటన్నర దాకా ఉంటుంది. అక్కడ నియమం పెట్టుకోండి: చౌక్‌లోకి వచ్చి క్యూ చూడండి, అరగంట దాటేలా ఉంటే బయటినుంచే చూసి బయల్దేరండి. లోపలికి వెళ్లాలంటే భుజాలూ మోకాళ్లూ కప్పుకోవాలి, చీర, పంజాబీ డ్రెస్ వాళ్లకి ఇబ్బంది లేదు, నిక్కర్ల అబ్బాయిలకే. లోపలికి పోని రోజు వ్యాన్‌ని జానికొలో కొండ మీదికి పొమ్మనండి. ఊరంతా ఒక్క చూపులో కనిపించే చోటది. ఏ రోజైనా సరిగ్గా మధ్యాహ్నం 12కి అక్కడ ఫిరంగి పేలుస్తారు.

వారంలో ఏ రోజు వస్తున్నారన్నది కూడా ముఖ్యం. బుధవారం ఉదయం పోప్ దర్శనం ఉంటే చౌక్ నిండిపోతుంది, చర్చి మధ్యాహ్నం దాకా తెరవరు. ఆదివారం వాటికన్ మ్యూజియంలు మూసి ఉంటాయి. నెలలో చివరి ఆదివారం మాత్రం మధ్యాహ్నం దాకా ఉచితంగా తెరుస్తారు, ఆ రష్‌లోకి పెద్దవాళ్లని తీసుకెళ్లకండి. నెలలో మొదటి ఆదివారం కొలోసియం ఉచితం, అంటే ముందే బుక్ చేసుకునే వీలుండదు, క్యూలో నిలబడాల్సిందే. ఆ రోజు పడితే కొలోసియం బయటినుంచి చూసి ఊరికే తిరగడం మేలు.

భోజనానికి కూర్చునే హోటల్ వద్దు, గంటన్నర తినేస్తారు. పిజ్జా అల్ తాలియో దుకాణాలుంటాయి. చదరపు ట్రేల నిండా పిజ్జా, మీరు రెండు చేతులతో ఎంత వెడల్పు కావాలో చూపిస్తే అంత కత్తెరతో కోసి, తూకం వేసి, మడిచి కాగితంలో పెట్టిస్తారు. శాకాహారులకి రోస్సా అంటే టమాటా మాత్రమే, బియాంకా అంటే నూనె ఉప్పు, పతాతే అంటే బంగాళాదుంప. గుమ్మడి పువ్వు వేసింది చూసి సంతోషపడకండి, దాని కింద చిన్న చేప ముక్క ఉండటం మామూలు. సుప్ప్లీ అనే అన్నం ఉండలు కూడా శాకాహారంలా కనిపిస్తాయి, సంప్రదాయంగా వాటిలో మాంసం పులుసు కలుపుతారు. రోమ్‌కి పేరు తెచ్చిన నాలుగు పాస్తాల్లో కార్బొనారా, అమత్రిచానా, గ్రీచా మూడింట్లోనూ పంది మాంసమే. కాచో ఎ పెపే ఒక్కటి చీజూ మిరియాలూ. "సెన్జా కార్నే, సెన్జా పెషే" అంటే మాంసం, చేప లేకుండా అని. నీళ్ల సీసాలు కొననక్కర్లేదు, వీధుల్లో ముక్కులాంటి కుళాయిలు వేల సంఖ్యలో ఉన్నాయి, తాగే నీళ్లే.

పాస్‌పోర్టు గురించి ఒక మాట. భారతీయ పాస్‌పోర్టున్నవాళ్లవి చాలా షిప్పులు తమ దగ్గరే ఉంచుకుంటాయి. దిగే ముందు దాని ఫోటోకాపీ, షెంజెన్ వీసా పేజీ కాపీ, షిప్పు కార్డు జేబులో ఉండాలి. షిప్పు రోజువారీ కాగితంలో అడుగున పోర్టు ఏజెంట్ ఫోన్ నంబరు ఉంటుంది. ఆ కాగితాన్నీ ఫోటో తీసుకోండి. ఏదైనా తేడా వస్తే మొదట ఫోన్ చెయ్యాల్సింది ఆ నంబరుకే, ఆలస్యం అయ్యాక కాదు, అవుతుందని అనుమానం రాగానే.

అంతా అనుకున్నట్టే నడిస్తే 5కి రేవులో ఉంటారు, ఆల్ అబోర్డ్‌కి ఇంకా గంటన్నర. ఆ గంటన్నర వృథా అని ఎవరైనా సణిగితే రేవు పక్కనే ఉన్న కోటకి తీసుకెళ్లండి. 1508లో బ్రమాంటే అనే వాస్తుశిల్పి మొదలుపెట్టింది, దాని పెద్ద బురుజు పై భాగం మైకెలాంజెలోదంటారు, అందుకే కోటకి ఆయన పేరు. కోట పక్కనుంచి సముద్రం వెంట చదునైన బాట, కూర్చోడానికి బెంచీలు, ఐస్‌క్రీం. పొద్దున్నుంచి రాళ్ల మీద నడిచిన కాళ్లకి ఆ చదును నేల తెలుస్తుంది. అక్కడ కూర్చుంటే మీ షిప్పు కనిపిస్తూనే ఉంటుంది.